పేరు అచ్చేసిన ఉత్తరాల కాగితం, ఇంకు పెన్ను: హనుమకొండలో సరిగ్గా చేయించుకోవడం ఎలా?

పాళీ506001 (ప్రశ్న)

అందరికీ నమస్తే. నా పేరుతో ఉత్తరాల కాగితం సెట్టొకటి చేయించుకోవాలని ఉంది. 100 కాగితాలు, 50 కవర్లు చాలు. కృతజ్ఞతలు చెప్పే చిన్న ఉత్తరాలకు, ఉగాది, దసరా శుభాకాంక్షలకు, అప్పుడప్పుడు రెండు పేజీల పెద్ద ఉత్తరానికి వాడతాను. రాసేదంతా తెలుగులోనే, మీడియం పాళీ ఉన్న ఇంకు పెన్నుతో. పైన పేరు తెలుగులో అచ్చవ్వాలి. మూలన కాకతీయ తోరణం బొమ్మ రంగు లేకుండా ఉబ్బెత్తుగా రావాలి.

చౌరస్తా దగ్గర పెళ్లిపత్రికల షాపుల్లో శాంపిళ్లు తెచ్చి రాసి చూశాను. మెరిసే కార్డు మీద ఇంకు ఎంతకీ ఆరలేదు, వేలికి అంటింది. హ్యాండ్‌మేడ్ అని ఇచ్చినదాని మీద అక్షరం చుట్టూ వెంట్రుకలు మొలిచినట్టు ఇంకు పాకింది. మామూలు జెరాక్స్ కాగితం మీద వెనక్కి దిగింది. ఏ కాగితం అడగాలి? 100 కాగితాలకు ఏ రకం అచ్చు సరిపోతుంది? తెలుగు ఫాంటు విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి? కవరు మీద లక్క ముద్ర వేసి పోస్టులో పంపొచ్చా?

సిరాబుడ్డి

మూడు కాగితాలూ మూడు వేర్వేరు కారణాలతో మొండికేశాయి. ఆ కారణాలు తెలిస్తే షాపులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ఇంకు పెన్నులో ఉండేది చాలావరకు నీళ్లే. ఆ నీళ్లు కాగితం పోగుల్లోకి కొద్దిగా ఇంకాలి, మిగతాది ఆవిరవ్వాలి. మెరిసే కార్డుకు పైన పూత ఉంటుంది కాబట్టి ఇంకే దారి లేదు, గాలికి ఆరేదాకా ఆగాల్సిందే. ఆర్ట్ పేపరు, మెటాలిక్ కార్డు, లామినేషన్ చేసినవి అన్నీ ఈ కోవవే. ఇంకు పెన్నుకు అవి పనికిరావు.

హ్యాండ్‌మేడ్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కాగితం తయారీలో గంజి గానీ జెలటిన్ గానీ మిల్లుల్లో వాడే రసాయనాలు గానీ కలిపి నీటిని నెమ్మదిగా పీల్చుకునేలా చేస్తారు. దాన్నే సైజింగ్ అంటారు. మీకు దొరికిన కాగితానికి అది చేసి ఉండరు. అప్పుడది బ్లాటింగ్ పేపరులాగే పనిచేస్తుంది, పోగుల వెంట ఇంకు పరుగెత్తుతుంది. ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడి చాలాసేపటికి గానీ ఇంకకపోతే సైజింగ్ ఉన్నట్టు. రెండు మూడు సెకన్లలో నల్లబడి మాయమైతే లేనట్టు.

జెరాక్స్ కాగితం 70, 75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) ఉంటుంది. పల్చన, పైగా పొడి రంగు అంటుకోవడానికి చేసినది. తడి ఇంకు దాని లెక్కలో లేదు.

మీరు అడగాల్సింది పూత లేని 100 జీఎస్ఎం ఎగ్జిక్యూటివ్ బాండ్. చిన్న కార్డులకైతే 200 నుంచి 250 జీఎస్ఎం, అదీ పూత లేనిదే. కానీ జీఎస్ఎం ఒక్కటే చూసి మోసపోకండి. అది బరువు లెక్క మాత్రమే. సైజింగ్ బాగున్న 85 జీఎస్ఎం బాండ్ మీద అక్షరం తీగలా వస్తే, సైజింగ్ లేని 150 జీఎస్ఎం మీద ముద్దయిపోతుంది. తెలుగుకు ఇది మరీ ముఖ్యం. మన అక్షరాలు గుండ్రం. పాళీ కిందికే కాదు, పైకి, పక్కలకు, వెనక్కి కూడా నడుస్తుంది. గరుకు కాగితం మీద పైకి తోసే గీతలో పాళీ పోగుల్ని లేపుతుంది, ఆ పోగు పాళీ చీలికలో ఇరుక్కుని తర్వాతి నాలుగు అక్షరాలు లావుగా వస్తాయి. అందుకే గీతల ఆకృతి ఉన్న లెయిడ్ కాగితం చూడ్డానికి ముచ్చటగా ఉన్నా, తెలుగు రాయడానికి నున్నటి బాండే నయం.

కొనేముందు ఒక్కో రకం ఒక్కో కాగితం అడిగి తీసుకుని, మీ పెన్నుతో, మీ ఇంకుతోనే రాసి చూడండి. 'క్ష', 'ణ', 'ఱ', 'స్త్రీ' రాయండి. లోపలి చిన్న ఖాళీలు పూడిపోతే కాగితం పాకిస్తున్నట్టు. ఒకేచోట అడ్డంగా నిలువుగా పది గీతలు కొట్టి వెనక్కి తిప్పండి. వెనక నీడ కనిపిస్తే ఫర్వాలేదు, ఇంకు చుక్కలు దిగితే వద్దు. తర్వాత ఐదు గీతలు గీసి 5, 10, 15, 20, 30 సెకన్లకు ఒక్కోదాన్ని వేలితో రుద్దండి. 20 లోపు ఆరితే మంచిది. 30 దాటినా అంటుతుంటే ఆ కాగితంతో రోజూ అవస్థే. చివరగా అరచేయి ఒక నిమిషం ఆనించి అక్కడే రాయండి. చెమట, నూనె పట్టిన చోట ఇంకు అంటకుండా గీత తెగుతుంది. మన ఎండల్లో ఇది మామూలే. దీనికి కాగితం మార్చక్కర్లేదు, చేతి కింద ఒక వృథా కాగితం పెట్టుకుంటే సరి.

ఇక సైజు. ఏ4 కాగితాన్ని సగానికి కోస్తే ఏ5 వస్తుంది, 148×210 మిల్లీమీటర్లు. దాన్ని ఒక్క మడత వేస్తే సీ6 కవరులో (114×162) సరిగ్గా కూర్చుంటుంది. ఏ4 కాగితాల్లో పోగులు సాధారణంగా పొడవు వెంట ఉంటాయి. సగానికి కోశాక అవి ఏ5 వెడల్పు వెంట వస్తాయి, అంటే మీ మడత పోగుల వెంటే పడుతుంది. అందుకే మడత శుభ్రంగా వస్తుంది. లావు కార్డులో పోగులకు అడ్డంగా మడిస్తే మడత మీద పగుళ్లు వస్తాయి. పోగులు ఎటున్నాయో తెలియాలంటే చిన్న ముక్కను ఒకవైపు తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం ఎటు పొడవుగా ఉంటే పోగులు అటు.

ట్రెడిల్ మిషన్

కాయితం గురించి పై అన్న మంచిగ చెప్పిండు. నేను అచ్చు సంగతి చెప్త.

100 కాయితాలకు ఆఫ్‌సెట్ అడగకుండ్రి. ప్లేటు చేసుడు, మిషన్ సెట్ చేసుడు ఖర్చు 100కైనా 1000కైనా ఒక్కటే. రంగు కుదిరేదాకా పోయే కాయితాలు వేరే. డిజిటల్ లేజర్‌ల తక్కువ సంఖ్యకు పని అయితది. కాకపోతే పొడి రంగు కాయితం మీద పొరలెక్క కూసుంటది, మడత దగ్గర పడ్డదంటె రాలుతది. ఇంక్‌జెట్ అస్సలు వద్దు. శానా ఇంక్‌జెట్ రంగులు తడి తగిలితే కరుగుతయి.

మీకు సరైంది స్క్రీన్ ప్రింటింగ్, అంటె బిగించిన గుడ్డలకెళ్లి రంగు తోసి అచ్చేసుడు. పెళ్లిపత్రికలు చేసేటోళ్లందరి దగ్గర ఉంటది. గుడ్డ సన్నని అల్లికది వాడమని చెప్పుండ్రి. లావు అల్లిక అయితే సున్నలు, వత్తులు పూడిపోతయి. ఆరబెట్టుడు తొందర పడొద్దు. తడి మీద ఒకదానిమీద ఒకటి పేరిస్తే వెనక కాయితానికి అంటుతది.

కాలుతోని తొక్కే పాత ట్రెడిల్ మిషన్ ఉన్న ప్రెస్సు దొరికితే అది వేరే అందం. బ్లాకు చేయించి ఒత్తిస్తే అక్షరం కాయితంల కొద్దిగ దిగుతది, వేలికి తెలుస్తది. గది 250 జీఎస్ఎం కార్డుకు మంచిగుంటది. 100 జీఎస్ఎం కాయితం మీద గట్టిగ ఒత్తితే వెనక గుంతలు పడి రాసేటప్పుడు పాళీ ఎగురుతది. గందుకే ఉత్తరాల కాయితానికి స్క్రీను, కార్డులకు బ్లాకు పెట్టుకోండ్రి.

ఇగ అసలు ముచ్చట, తెలుగు ఫాంటు. మన ప్రెస్సులల్ల శానామంది పేజ్‌మేకర్‌ల 'అను' అనే పేరున్న ఫాంట్లతోని పని చేస్తరు. గవి ఫోన్లల్ల వాడే యూనికోడ్ కావు. మీరు ఫోన్ల టైపు చేసి వాట్సాప్‌ల పంపితే వాళ్లు మళ్ల టైపు కొడతరు, అక్కడే తప్పులు వస్తయి. లేకుంటె పాత సాఫ్ట్‌వేర్‌ల అతికిస్తే వత్తులు ఊడి పక్కకు పడతయి, 'క్ష్మి' మూడు ముక్కలయితది. గట్ల కాకుండ ఉండాలంటె మీరే యూనికోడ్ ఫాంటుతోని డిజైన్ చేసి, అక్షరాలను కర్వ్స్ కిందికి మార్చి పీడీఎఫ్ ఇయ్యుండ్రి. కర్వ్స్ అయినంక అది బొమ్మనే, ఎవరి కంప్యూటర్ల తెరిచినా చెదరదు. మార్చేముందు అసలు ఫైలు ఒకటి దాచుకోండ్రి, మళ్ల అక్షరం దిద్దుడు కుదరదు.

ఉచితంగ దొరికే ఫాంట్లల్ల పేరుకు సురన్న గాని పెద్దన గాని బాగుంటయి. రామభద్ర శానా లావు, కాయితం మీద పోస్టరు లెక్క అయితది. చిరునామాకు మండలి అయితే చిన్న సైజుల కూడ చదవొస్తది. పేరు 14 నుంచి 16 పాయింట్లు, చిరునామా 10. తొమ్మిదికి తగ్గియ్యొద్దు, తెలుగుల వత్తు అక్షరం కంటె చిన్నగుంటది, గది మొదలు పూడిపోతది. రెండు లైన్ల నడుమ ఖాళీ కూడ ఇంగ్లీషు లెక్కన పెడితే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతయి. 10 పాయింట్ల అక్షరానికి ఒక లైను అడుగు నుంచి ఇంకో లైను అడుగుకు 16 పాయింట్లు పెట్టుండ్రి.

చిరునామాల ఫోన్ నంబరు వద్దు. నంబరు మారితే మిగిలిన కాయితాలన్ని దండుగ. జిల్లా పేరు కూడ చూసుకోండ్రి. 2021ల వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది, రూరల్ జిల్లా వరంగల్ జిల్లా అయింది. ప్రెస్సోళ్ల దగ్గర పాత ఫైళ్లల్ల ఇంక వరంగల్ అర్బన్ అనే ఉంటది, అదే అతికిస్తరు. ప్రూఫు స్క్రీన్ మీద చూసి సరే అనొద్దు. అసలు సైజుల, అసలు కాయితం మీద ఒకటి తీయించి చూసినంకనే సంతకం పెట్టుండ్రి.

ఇంకో మాట. 100 కాయితాల మీద కూడ పేరు వేయించకుండ్రి. 60 మీద పేరు, 40 ఖాళీ. రెండో పేజీకి పేరు లేని కాయితమే వాడాలె. కాకపోతే రెండూ ఒక్క కట్టలోవే కావాలె, లేకుంటె తెలుపుల తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తది.

పాళీ506001

ఇద్దరికీ చాలా థాంక్స్. నాలుగు ప్రశ్నలు మిగిలాయి. తోరణం ఎంబాసింగ్ (ఉబ్బెత్తు అచ్చు) ఎక్కడ, ఎలా? ఆ హ్యాండ్‌మేడ్ కాగితాలు 20 కొనేశాను, పారేయడానికి మనసు రావట్లేదు, వాటిని ఏమైనా చేయొచ్చా? మూడోది లక్క ముద్ర. డెమ్మీ కాగితం కోయించుకోమని షాపులో అన్నారు, అది మంచిదేనా?

ట్రెడిల్ మిషన్

డెమ్మీ మంచిదే అన్నా. పూర్తి కాయితం 18×23 అంగుళాలు. ఎనిమిది ముక్కలు కోస్తే 9×5.75 వస్తది. అంచులు సాపు చేస్తే 8.5×5.5 మిగులుతది. ఒక్క మడతల సీ6 కవరుల పడతది. 13 పూర్తి కాయితాలకు 104 ముక్కలు. పాడయ్యేటియి లెక్కేసి 16 తీసుకోండ్రి. కాకపోతే డెమ్మీల దొరికేది ఎక్కువ మ్యాప్‌లితో. గది పుస్తకాల అచ్చుకు చేసింది, ఇంకు పెన్నుకు ఒక్కోటి ఒక్కో తీరు ఉంటది. బాండ్ దొరికితేనే తీసుకోండ్రి.

ఎంబాసింగ్ కోసం రబ్బరు స్టాంపులు చేసే దుకాణంల కంపెనీ సీలు చేస్తరా అని అడుగుండ్రి. చేత్తో నొక్కే ఇనుప పట్టకారు లాంటిది. 2015ల చట్టం మారినంక కంపెనీలకు ఆ సీలు తప్పనిసరి కాదు, గిరాకీ తగ్గింది గాని చేసేటోళ్లు ఉన్నరు. ఒకసారి చేయించుకుంటె ఎన్ని కాయితాల మీదనన్న మీరే నొక్కుకోవచ్చు.

బొమ్మ ఇచ్చేటప్పుడు తోరణంల ఉన్న చెక్కుడంతా ఇయ్యకుండ్రి. 40 మిల్లీమీటర్ల గుండ్రంల అదంతా పట్టదు. రెండు స్తంభాలు, అడ్డ దూలం, పైన హంసలు, అంతే. గీత అర మిల్లీమీటరు కంటె సన్నగ ఉండొద్దు, గీతకు గీతకు నడుమ కూడ అంతే ఖాళీ. లేకుంటె రెండు గీతలు కలిసి ఒక గడ్డ లెక్క లేస్తది. తోరణం కింద చార్మినార్ పెట్టి చుట్టూ గుండ్రం గీసుడు మాత్రం చేయొద్దు, రాష్ట్ర ప్రభుత్వ చిహ్నం లెక్క కనిపిస్తది, సొంత కాయితం మీద గది తప్పు.

పట్టకారు నోరు ఎంత లోపటికి పోతదో చూసుకోండ్రి. కాయితం అంచు నుంచి అంతకంటె లోపట నొక్కరాదు. నొక్కినంక రెండు సెకన్లు అట్లనే పట్టుకోవాలె. గబుక్కున వదిలితే బొమ్మ సగమే లేస్తది. 100 జీఎస్ఎం మీద మంచిగ వస్తది. 250 కార్డుకు చేతి బలం సరిపోదు, గది ప్రెస్సుల డై పెట్టి ఒత్తియ్యాలె. ముందు ఉత్తరం రాసి తర్వాత నొక్కుండ్రి. ముందు నొక్కితే ఉబ్బు మీద చేయి ఆని అణిగిపోతది.

కాయిదం కోరుట్ల

హ్యాండ్‌మేడ్ కాగితాలను దయచేసి పారేయకండి. వాటికి మీరే సైజింగ్ చేయొచ్చు. మన దేశంలో చేతి కాగితానికి గంజి పట్టించి, నున్నటి రాయితోనో గవ్వతోనో రుద్ది మెరుగు పెట్టడం పాత పద్ధతి. ఉత్తర తెలంగాణలోనే కోరుట్లలో ఒకప్పుడు చేతి కాగితం తయారయ్యేది, పట్వారీల లెక్కల పుస్తకాలకు వాడేవారు. కాగజ్‌నగర్ మిల్లుది వేరే కథ, అది యంత్రపు కాగితం. 2014లో మూతపడి 2018లో జేకే పేపర్ చేతికి వచ్చింది.

విధానం ఇది. బియ్యప్పిండి గానీ మొక్కజొన్న పిండి గానీ 5 గ్రాములు తీసుకుని కొద్దిగా చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. మొత్తం 200 మిల్లీలీటర్ల నీళ్లయ్యేలా పోసి సన్నని మంట మీద తిప్పుతూ కాయండి. తెల్లగా ఉన్నది పారదర్శకంగా మారగానే దించండి. పల్చటి గుడ్డలో వడకట్టడం మానకండి. ఒక్క ఉండ మిగిలినా కాగితం మీద మచ్చగా ఆరుతుంది, దాని మీద ఇంకు అంటదు. గోరువెచ్చగా ఉన్నప్పుడే వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో ఒకే దిశలో పూయండి. రెండోసారి అదే చోట రుద్దితే తడిసిన పోగులు లేస్తాయి. తీగ మీద క్లిప్పులతో ఆరేసి, పూర్తిగా ఆరాక రెండోవైపు పూయండి. ఎండలో ఆరేస్తే కాగితం అప్పడంలా వంకర తిరుగుతుంది, నీడపట్టునే ఆరనివ్వండి. రెండోవైపు కొద్దిగా చెమ్మ ఉండగానే రెండు తెల్ల కాగితాల నడుమ పెట్టి పైన బరువైన పుస్తకాలు ఒక రాత్రంతా ఉంచండి.

మెరుగు పెట్టడం ఆ మర్నాడు. గాజు బల్ల మీద పరిచి, నున్నటి గాజు సీసా అడుగుతో గానీ పెద్ద గవ్వతో గానీ చిన్న చిన్న వృత్తాలుగా రుద్దండి. దుమ్ము రేణువు ఉంటే గీత పడుతుంది కాబట్టి ముందు గుడ్డతో తుడవాలి. ఇరవై కాగితాలూ ఒకేసారి చేయకండి. ఒకటి చేసి రాసి చూడండి. ఇంకా పాకుతుంటే మరో పూత వేయండి. పాళీ జారిపోతూ ఇంకు ముత్యాల్లా నిలబడుతుంటే గంజి ఎక్కువైనట్టు, మిగతావాటికి పల్చన చేయండి.

గంజికి ఒక దోషం ఉంది. అది పురుగులకు తిండి. ఈ కాగితాలను బిగుతు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వానాకాలంలో ఇది బాండ్ కాగితానికి కూడా అవసరమే. చెమ్మ పట్టిన కాగితం మీద మంచి ఇంకు కూడా పాకుతుంది. కాగితంలో లోపం ఉందని తీసి పడేసేముందు ఒక రోజు పొడి డబ్బాలో పెట్టి మళ్లీ రాసి చూడండి.

సిరాబుడ్డి

గంజి పూత గురించి ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. పటిక కలపమని కొందరు చెబుతారు. కలపకండి. దానికి ఆమ్ల గుణం ఉంది, కాగితాన్ని కాలం గడిచేకొద్దీ పెళుసు చేస్తుంది.

ఇంకు గురించి కొంచెం. మామూలు నీలం ఇంకు నీళ్లు తగిలితే కరిగిపోతుంది. ఉత్తరం లోపల ఫర్వాలేదు గానీ కవరు మీద చిరునామా జూలై వానలో పోతుంది. చిరునామాకు బాల్ పెన్నో, నీటికి కరగని పిగ్మెంట్ ఇంకో వాడండి. ఇంకు పెన్నుతోనే రాయాలని ఉంటే, ఆరాక తెల్ల కొవ్వొత్తిని చిరునామా మీద నెమ్మదిగా రుద్దండి. మైనం పొర నీటిని ఆపుతుంది. తపాలా బిళ్ల అంటించే మూలకు మాత్రం మైనం తగలనివ్వకండి, బిళ్ల ఊడిపోతుంది, పోస్టు ముద్ర కూడా అంటదు.

ఐరన్ గాల్ ఇంకు నీటికి నిలుస్తుంది, రాసిన గంటల్లో గాలి తగిలి నల్లబడుతుంది. మన పాత కరక్కాయ, అన్నభేది సిరా సూత్రం కూడా ఇదే. కానీ ఇంట్లో కాచిన కరక్కాయ సిరా ఇంకు పెన్నులో పోయకండి. అడుగున మడ్డి పేరుకుని దారి మూసుకుపోతుంది, స్టీలు పాళీని తినేస్తుంది. రెల్లు కలానికో ముంచి రాసే పాళీకో మాత్రమే అది. పెన్నుల కోసమే చేసిన ఐరన్ గాల్ ఇంకు అయినా నెలకోసారి నీళ్లతో కడగాలి.

చుక్కలతో నింపే ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను వాడేవాళ్లకు మే నెలలో ఒక ఇబ్బంది. గొట్టంలో ఇంకు తగ్గి గాలి ఎక్కువైనప్పుడు చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును తోస్తుంది, అక్షరం మధ్యలో బొట్టు పడుతుంది. మూడో వంతు మిగలగానే నింపేయండి. మంచి ఉత్తరం రాసేముందు తప్పకుండా.

తపాలాబిళ్ల

కవరు, లక్క, బరువు నేను చెబుతాను.

బరువు కాగితంతోనే లెక్కకట్టొచ్చు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి 100 జీఎస్ఎం ఏ5 ఒక్కోటి సుమారు 3.1 గ్రాములు. రెండు కాగితాలు, సీ6 కవరు, లక్క ముద్ర అన్నీ కలిపినా 13 గ్రాముల దగ్గరే ఉంటుంది. మామూలు ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయల బిళ్ల. 250 జీఎస్ఎం మడత కార్డు 7.8 గ్రాములు, దానికి తోడు ఒక ఉత్తరం పెట్టినా 20 దాటదు. మడత కార్డు, రెండు కాగితాలు, ఫోటో అన్నీ కుక్కితే తూకం చూసుకోవాలి. తక్కువ బిళ్ల అంటిస్తే అందుకున్నవారి దగ్గర వసూలు చేస్తారు, అది మర్యాద కాదు.

లక్క. పోస్టాఫీసు పార్సిళ్లకు వాడే ఎర్ర లక్క గట్టిది, పెళుసు. కవరు వంగిన చోట పగిలి ముక్కలవుతుంది. సాగే గుణమున్న సీలింగ్ వ్యాక్స్ అని అడగండి. మంటలో నేరుగా పెడితే మసి కలిసి నల్లని చారలు వస్తాయి. చిన్న గరిటెలో వేసి కింద దీపం పెట్టి కరిగించండి. బుడగలు వచ్చేదాకా కాచకండి, బుడగలు ముద్రలో గుంతలవుతాయి. రూపాయి బిళ్లంత మడుగు పోసి, పది సెకన్లు ఆగి ముద్ర నొక్కండి. ముద్రను ముందే ఐసు మీద పెట్టి, తడి తుడిచి వాడాలి. వేడి ముద్ర లక్కకు అంటుకుని బొమ్మను లాగేస్తుంది. నొక్కాక 20 సెకన్లు కదపకండి, దానంతట అది వదులుతుంది.

అలా తయారైన కవరును నేరుగా ఎర్ర డబ్బాలో వేయొద్దు. ముద్ర గుబ్బగా ఉంటుంది, కట్టల్లో కట్టినప్పుడు పక్క ఉత్తరాల ఒత్తిడికి ఊడుతుంది. మే నెలలో ఎండలో ఉన్న డబ్బా లోపల అయితే మెత్తబడి పక్క కవరుకు అంటుకుంటుంది. లక్క వేసిన సీ6 కవరును మామూలు సీ5 కవరులో (162×229) పెట్టి, ఆ పై కవరు మీద చిరునామా, బిళ్ల. పై కవరు బరువు కూడా కలుస్తుంది కాబట్టి అప్పుడు తూకం చూసుకోవాలి. లోపలి అందం అందుకున్నవారికే కనిపిస్తుంది. ఆ పద్ధతే బాగుంటుందని నా అభిప్రాయం.

ముద్ర కోసం పెంబర్తి ఇత్తడి అనుకునేవాళ్లకు ఒక మాట. పెంబర్తి పనితనం రేకును లోపలి నుంచి కొట్టి ఉబ్బెత్తు బొమ్మ తీయడంలో పేరు పడింది. లక్క ముద్రకు కావాల్సింది దిట్టమైన ఇత్తడి కడ్డీ మీద అద్దంలో చూసినట్టు తిరగేసి, లోతుగా చెక్కిన అక్షరం. చెక్కేవారిని విడిగా అడిగి చేయించుకోవాలి. తెలుగు అక్షరాన్ని తిరగేసి గీసి ఇవ్వడం మీ బాధ్యతే. తెలుగు రాని చెక్కుడు పనివారికి 'న'కూ తిరగేసిన 'న'కూ తేడా తెలియదు.

శుభలేఖ పంపేవారు నాలుగు మూలలా పసుపు పెడతారు కదా. తడి పసుపు అయితే ఇంకు పెన్ను రాతను కరిగిస్తుంది. రాసిన మర్నాడు పొడి పసుపును దూదితో అద్దండి.

తపాలా బిళ్ల పక్కన మీకు నచ్చిన బొమ్మ వేయించుకునే 'మై స్టాంప్' కూడా ఉంది, షీటుకు 12 బిళ్లలు. గుర్తింపు కార్డు తీసుకుని హెడ్ పోస్టాఫీసులో అడగండి.

కాయిదం కోరుట్ల

కాగితం మీద వరుసలు ఎలా పడాలో ఎవరూ చెప్పలేదు. నాకు ఉత్తరం అందమంతా అక్కడే ఉంటుందనిపిస్తుంది.

తెల్ల కాగితం కింద పెట్టుకునే గీతల కాగితం ఒకటి చేసుకోండి. నల్ల స్కెచ్ పెన్నుతో ఒక మిల్లీమీటరు మందం గీతలు, గీతకు గీతకు 10 మిల్లీమీటర్లు. నోటుపుస్తకం గీతలు మీడియం పాళీ తెలుగుకు ఇరుకు. అక్షరం 4 మిల్లీమీటర్లు, పైన గుడికి 2 నుంచి 3, కింద వత్తుకు 3. 100 జీఎస్ఎం కింద ఈ గీతలు కనిపిస్తాయి. 250 కార్డు కింద కనిపించవు. గాజు బల్ల కింద ఫోను టార్చి వెలిగించి రాయండి. పెన్సిలు గీతలు గీసి తర్వాత చెరపడం మాత్రం వద్దు, రబ్బరు ఇంకునూ లేపుతుంది.

ఏ5 మీద పైన 40 మిల్లీమీటర్లు పేరుకు, కింద 20, పక్కలకు 20 చొప్పున వదిలితే 15 వరుసలు, వరుసకు ఐదు మాటలు. అంటే ఒక పేజీకి 75 మాటలు. కృతజ్ఞతల ఉత్తరానికి అది చక్కగా సరిపోతుంది. ముందు వేరే కాగితం మీద రాసుకుని మాటలు లెక్కపెట్టండి. చివరి రెండు వరుసల్లో అక్షరాలను ఇరికించిన ఉత్తరం ఎంత మంచి కాగితం మీద ఉన్నా చిన్నబోతుంది.

పేరు అచ్చును నడిమధ్య పైఅంచుకు ఆనించకండి. అక్కడ 'శ్రీ' రాసే అలవాటు ఉన్నవారికి చోటు ఉండాలి. పేరు ఎడమవైపున, తేదీకి, ఊరికి కుడివైపున, మధ్యలో పైన 'శ్రీ'. అప్పుడు తోరణం ఎంబాసింగ్ కింద ఎడమ మూలకు పోతుంది, సంతకం కుడివైపు వస్తుంది కాబట్టి రెండూ తగులుకోవు.

పాళీ506001

అన్నీ రాసుకున్నాను. 100 జీఎస్ఎం బాండ్ ఏ5, 60 మీద పేరు, 40 ఖాళీ, స్క్రీన్ ప్రింటింగ్, పేరు సురన్నలో, చిరునామా మండలిలో, ఫోన్ నంబరు లేదు, తోరణం పట్టకారు సీలు, సీ6 కవర్లు 50, పై కవర్లు సీ5 మామూలివి. హ్యాండ్‌మేడ్‌కు ఈ ఆదివారం ఒక్క కాగితానికి గంజి పూసి చూస్తాను.

ట్రెడిల్ మిషన్

సీ6 కవర్లు 50 కాదు, 65 చేయించుండ్రి. కాయితం పాడైతే ఇంకోటి తీసుకుంటం. చిరునామా రాసేటప్పుడు పోయే కవర్లే ఎక్కువ, మళ్ల అదే రంగుల దొరకయి. కవరు కాయితం కూడ ఉత్తరం కాయితం కట్టలకెళ్లే కోయించుండ్రి. మూత గమ్ము ఆరినంకనే పేర్చమనుండ్రి, వానాకాలంల అన్నీ ఒకదానికొకటి అతుక్కుంటయి.

పాళీ506001

65 రాసేశాను అన్నా. గమ్ము సంగతి కూడా చెప్తాను.